సినిమా ఎక్కడ ఆపాలి: పిల్లలతో కూర్చుని పాత రోజుల సినిమా చూసేవాళ్ళకు

రిటైరయ్యే ముందు నేను దిద్దిన ఆఖరి పేపర్ల కట్టలో ఒక జవాబు నాకింకా నోటికొచ్చు. ప్రశ్న కొమురం భీమ్ గురించి. ఎనిమిదో తరగతి పిల్లవాడు రాశాడు: "కొమురం భీమ్, అల్లూరి సీతారామరాజు ప్రాణ స్నేహితులు. వారిద్దరు ఢిల్లీ వెళ్ళి తెల్లదొరను చంపిరి. వారు డ్యాన్సు కూడా బాగుగా చేసెదరు."

ఐదుకు ఒక మార్కు వేశాను. అది కూడా చివర్లో జల్, జంగల్, జమీన్ అని తప్పుల్లేకుండా రాసినందుకు.

వాడిని తిట్టడానికి లేదు. భీమ్ పాఠం నేను చెప్పింది రెండు పీరియడ్లు. ఆర్ఆర్ఆర్ వాడు చూసింది నాలుగు ఆటలు. ఆ సినిమా తీసినవాళ్ళు ఇది కల్పిత కథ అని మొదట్లోనే చెప్పుకున్నారు. కానీ ఆ అక్షరాలు చదివే ఓపిక థియేటర్లో ఎవరికుంటుంది? ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ చెప్పిన నన్ను మూడు గంటల సినిమా ఓడించింది. అప్పుడే అనుకున్నాను, దీనితో కొట్లాడి లాభం లేదు, రిమోటు చేతిలో పట్టుకుని పక్కన కూర్చోవాలని.

ఇప్పుడు జనగామలో మా ఇంట్లో ఆదివారం పొద్దున మా మనవడు, వీధిలో పిల్లలు ముగ్గురు నలుగురు, ఎనభై ఏడేళ్ళ మా అత్తమ్మ, నేను కలిసి సినిమా చూస్తున్నాం. ఏది పనిచేసిందో, ఎక్కడ దెబ్బతిన్నానో రాస్తున్నాను. పదేళ్ళు దాటిన పిల్లలు, టీవీ, ఆ రోజులు చూసిన పెద్దమనిషి ఒకరు ఉంటే మీ ఇంట్లో కూడా మొదలుపెట్టొచ్చు.

మొత్తం సినిమా చూపించొద్దు

ఇది నేను బడిలో ఉండగా నేర్చుకున్నది. ఒక ఏడాది జెండా పండుగకు ముందురోజు ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టి, రెండు వందల మంది పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి స్వాతంత్ర్య పోరాటం సినిమా ఒకటి మొత్తం వేశాను. గంటన్నరకు వెనక వరసలు నిద్రపోయాయి. ముందు వరసలు కొట్లాట సీన్లకు ఈలలు వేశాయి. తర్వాత కరెంటు పోయింది. మర్నాడు క్లాసులో "ఏం గుర్తుంది?" అని అడిగితే ఎక్కువ మంది చెప్పింది కరెంటు పోయిన సంగతే.

ఇరవై నిమిషాలు చాలు. అందులో మూడు చోట్ల ఆపండి. నాలుగోసారి ఆపితే పిల్లలు రిమోటు దాచేస్తారు, నిజంగానే. మిగతా సినిమా వాళ్ళకు కావాలంటే వాళ్ళే అడుగుతారు. అడగకపోతే ఆ వారం మీరు ఎంచుకున్న సీను బాగాలేదని అర్థం.

కాబట్టి శనివారం రాత్రి మీరొక్కరే సినిమా ముందేసుకుని కూర్చోండి. పక్కన ఒక నోటుబుక్కు. ఎన్నో నిమిషం దగ్గర ఆపాలో, అక్కడ ఏం అడగాలో రాసుకోండి. నేనైతే డైలాగు దగ్గర ఆపను. వస్తువు దగ్గర ఆపుతాను. డైలాగు దగ్గర ఆపితే పిల్లలు దాన్నే అప్పజెప్తారు. వస్తువు దగ్గర ఆపితే "ఇదేంది?" అని అడుగుతారు. తెర మీద కావడి, తిరగలి, గొంగడి, దొర గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, ఊగే ఉయ్యాల, గోడకు వేలాడే కొరడా, ఏదైనా సరే. ఈ పనికి బి. నర్సింగరావు తీసిన దాసి బాగా పనికొస్తుంది. దానికి కళాదర్శకుడు మన చిత్రకారుడు తోట వైకుంఠం. ఆ పనికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. గడీలోని గదులు, గిన్నెలు, చీరలు చూస్తుంటేనే సగం పాఠం అయిపోతుంది. అయితే అది పెద్ద పిల్లల సినిమా. గడీలో దాసీల బతుకు మీద కథ కాబట్టి పదో తరగతి దాటినవాళ్ళకే చూపించండి.

ఏ సినిమా?

మీ ఊరికి దగ్గరగా ఉన్నది. అదొక్కటే నా లెక్క. మేం జనగామ వాళ్ళం కాబట్టి తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసిన మాభూమితో మొదలుపెట్టాను. విశాఖ, తూర్పు గోదావరి వైపు వాళ్ళు 1974 నాటి అల్లూరి సీతారామరాజు వేసుకోండి. ఆదిలాబాద్ వాళ్ళకు అల్లాణి శ్రీధర్ తీసిన కొమరం భీమ్ ఉంది. 1990లో తీస్తే 2010 దాకా థియేటర్ల మొహం చూడలేదు పాపం. కోస్తా రైతు ఇళ్ళల్లో అయితే 1939 నాటి రైతుబిడ్డ గురించి కనీసం చెప్పండి. జమీందార్ల మీద తీసినందుకు ఆ సినిమా మీద జమీందార్లే మండిపడ్డారు.

కొత్త సినిమాలు వద్దని కాదు. రంగులు, సౌండు బాగుంటాయి, పిల్లలు కదలకుండా కూర్చుంటారు. కానీ మా అత్తమ్మ ఒక కొత్త సినిమా చూస్తూ అన్న మాట చెప్తాను: "ఎన్ని దినాలు పొలంల వన్జేసినా గీళ్ళ అంగీలు మాయవేందే?" అప్పటినుంచి పిల్లలు ప్రతి సినిమాలో అంగీలు చూస్తున్నారు. మాసినవా, తెల్లగా ఉన్నాయా, కొత్త చిరుగా, పాత చిరుగా అని. ఒక్క అంగీ చూసి దర్శకుడు ఎంత కష్టపడ్డాడో చెప్పేస్తున్నారు. నేను ముప్పై ఏళ్ళలో నేర్పలేని విమర్శ ఆమె ఒక్క ముక్కలో నేర్పింది.

రెండు తేదీలు రాయించండి

సినిమా మొదలయ్యే ముందు నోటుబుక్కులో రెండు ఏళ్ళు రాయించండి. కథ జరిగింది ఎప్పుడు, సినిమా వచ్చింది ఎప్పుడు. ఈ చిన్న పని చాలా దూరం తీసుకెళ్తుంది.

మాభూమి తీసుకోండి. కథ 1940ల నాటి తెలంగాణ సాయుధ పోరాటం. సినిమా వచ్చింది 1980లో. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ తీశాడు, ఆయనకదే మొదటి ఫీచర్ సినిమా. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. మధ్యలో ముప్పై ఏళ్ళకు పైగా గడిచాక అప్పుడే ఎందుకు తీశారు? ఎమర్జెన్సీ ముగిసింది 1977లో. రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర 1978లో. ఊళ్ళల్లో జీతగాళ్ళు, కూలీలు మళ్ళీ దొరల మీద నోరు తెరుస్తున్న రోజులు. అంటే సినిమా తీసినవాళ్ళు 1946ను చూపిస్తూ తమ కాలం గురించి కూడా మాట్లాడుతున్నారు. నేనప్పుడు వరంగల్లో డిగ్రీ చదువుతున్నాను. సినిమా చూసి బయటికొచ్చినవాళ్ళు హాలు ముందు నిలబడి వాళ్ళ వాళ్ళ ఊరి దొర పేర్లు చెప్పుకున్నారు. అది నాకు బాగా గుర్తు.

ఇంకో సంగతి. ఆ పోరాటంలో తన భూమి కోసం దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ చనిపోయింది 1985లో. అంటే మాభూమి ఆడుతున్నప్పుడు పాలకుర్తిలో ఆమె బతికే ఉంది. ఈ మాట చెప్పగానే మా వీధి పాప ఒకటి "అయితే ఆమెను తీస్కొచ్చి చూపించాల్సింది కదా టీచర్" అంది. అంతవరకు ఆ పిల్లకు ఐలమ్మ అంటే చౌరస్తాలో విగ్రహం.

అల్లూరి సినిమాకూ ఇలాగే లెక్క వేయించండి. అల్లూరిని కాల్చి చంపింది 1924 మే 7న. కృష్ణ సినిమా వచ్చింది 1974 మే 1న. ఆరు రోజులు తక్కువ యాభై ఏళ్ళు. ఇది యాదృచ్ఛికమా, అనుకుని చేసిందా అని పిల్లలే వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి.

పాటల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మాభూమిలోని పల్లెటూరి పిల్లగాడా పాట సుద్దాల హనుమంతుది. ఆయన ఆ పోరాటంలో పనిచేసినవాడు. బండెనక బండి కట్టి పాట తెర మీద గద్దర్ పాడతాడు కాబట్టి అందరూ ఆయనదే అనుకుంటారు. రాసింది బండి యాదగిరి, ఆయనా ఉద్యమంలో మనిషే. సినిమా 1980ది అయినా లోపలి పాటలు పోరాటం నడుస్తున్నప్పుడు పుట్టినవి. నటులు నటిస్తారు, సెట్లు వేస్తారు. ఆ పాటలు మాత్రం అప్పటివే. పిల్లలకు ఈ తేడా చూపిస్తే సినిమాలో ఏది పాతది, ఏది కొత్తగా కట్టింది అని వెతకడం మొదలుపెడతారు.

ఆ పాట దగ్గర ఏం జరిగిందంటే

మొన్న దసరా సెలవుల్లో మనవడికి పల్లెటూరి పిల్లగాడా పాట వేశాను. జీతగాడా అన్న మాట దగ్గర ఆపాను.

"జీతగాడంటే ఎవర్రా?"

"సాలరీ తీస్కునేటోడు. మా డాడీ లెక్క."

ఇక్కడ మీకొక మాట. నవ్వొస్తుంది, నవ్వకండి. నవ్వితే ఆ పిల్లవాడు మళ్ళీ నోరు తెరవడు. నేను ఇంకో ప్రశ్న వేశాను: "మరి బర్లు కాసే ఆ పిలగానికి నెలకెంత ఇస్తుండ్రు?"

వాడు కాసేపు ఆలోచించి, "ఐదు వేలు?" అన్నాడు.

అప్పటిదాకా చాటలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తమ్మ తలెత్తకుండానే అంది. "జీతమేంది బిడ్డా. వాని నాయిన అప్పు దీస్కుంటడు. పిలగాన్ని తెచ్చి మనింట్ల వెడ్తడు. అప్పు తీరేదాంక పిలగాడు బర్లు గాస్తడు."

"ఎప్పుడు తీరుతది?"

"యాడ తీరుతది."

నేను తర్వాతి సీనుకు పోబోయాను. వాడు రిమోటు మీద చెయ్యి పెట్టాడు. "పెద్ద బాపమ్మా, మనింట్ల అన్నవ్. మనింట్ల ఉండెనా?"

ముప్పై ఐదేళ్ళ నుంచి కోడలిగా ఉన్న నాకు తెలియని సంగతి అప్పుడు బయటికొచ్చింది. అత్తమ్మ పుట్టింటికి ముప్పై ఎకరాలు. రెండు జతల ఎడ్లు, ఆరు బర్లు. ఆమెకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు ఇంట్లో ఒక జీతగాడు ఉండేవాడు, ఆమె ఈడువాడే. ఏడాదికి ఒక గొంగడి, ఒక జత చెప్పులు. పడుకునేది కొట్టంలో. పొద్దున గట్క పోసేది వేరే సత్తు గిన్నెలో. ఆ గిన్నె ఇంట్లోకి రాదు. తిన్నాక వాడే కడుక్కుని చూరులో చెక్కాలి. అత్తమ్మ చెయ్యెత్తి చూపించింది, చూరు ఎంత ఎత్తులో ఉండేదో. "వానికి అందకపోవు. ఎగిరి ఎగిరి వెట్టేటోడు. మేం నవ్వేటోళ్ళం."

"వాని పేరేంది?" అని అడిగాడు మనవడు.

ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"పేరా... పిలగా అనేటోళ్ళం."

ఆ రోజు మేం సినిమా మళ్ళీ వేయలేదు.

ఇన్నేళ్ళ పాఠాల్లో నాకు తట్టనిది అప్పుడు తట్టింది. సినిమా చూసే ప్రతివాళ్ళూ హీరో పక్కన కూర్చుంటారు. మాభూమి చూసి మేమందరం రామయ్యలమే అనుకున్నాం, అల్లూరి చూసి అందరం విల్లు పట్టుకున్నాం. కానీ ఆ రోజుల్లో మన ఇల్లు ఏ పక్క ఉండేది? దొర గడీ పక్కనా, దొరను ఎదిరించిన సంఘం పక్కనా, రెండింటికీ దూరంగా తలుపేసుకునా? ఈ ప్రశ్న సినిమా అడగదు. మీరే అడగాలి. అందుకే ఆపే చోటు ముఖ్యం. హీరో కర్ర ఎత్తిన చోట కాదు. చుట్టూ నిలబడి చూస్తున్న జనం కనిపించిన చోట ఆపి, "వీళ్ళల్లో మనోళ్ళు ఎవరై ఉంటరు?" అని అడగండి. మొదట పిల్లలకు నచ్చదు. తర్వాత వాళ్ళే తెరకు దగ్గరగా వెళ్ళి వెతుకుతారు.

పెద్దవాళ్ళను మాట్లాడించడం

నేను చేసిన తప్పు ముందు చెప్తాను. జీతగాడి సంగతి బయటికొచ్చిన మర్నాడు ఫోను స్టాండుకు పెట్టి, అత్తమ్మకు జరీ చీర కట్టించి, "ఆ రోజులు ఎట్లుండె చెప్పు అత్తమ్మా" అన్నాను. ఆమె ఫోను వైపు చూసి, "మంచిగనే ఉండె" అని ఊరుకుంది. అంతే, అరగంటకు అదే.

"ఆ కాలం ఎట్లుండె" అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. మనల్ని అడిగినా చెప్పలేం. చిన్న ప్రశ్నలు వేయండి. పొద్దున లేవగానే ఏం తినేవాళ్ళు? చెప్పులు ఎవరికి ఉండేవి, ఎవరికి ఉండేవి కావు? దొర ఎదురొస్తే నాయిన ఏం చేసేవాడు? చేతిలో ఏదో పని ఉంటే పెద్దవాళ్ళు బాగా మాట్లాడతారు, కాబట్టి చిక్కుడుకాయలో చింతపండో ముందు పెట్టండి. ఫోను రికార్డింగు ఆన్ చేసి చాట పక్కన బోర్లా పెట్టండి, కానీ రికార్డు చేస్తున్నానని ముందే చెప్పండి. దొంగచాటుగా వద్దు. తర్వాత తెలిస్తే బాధపడతారు.

తేదీలు తప్పు చెప్తే దిద్దొద్దు. అత్తమ్మ "రజాకార్లొచ్చినప్పుడు మా అమ్మ నన్ను వడ్ల గుమ్మిల దాసింది, అప్పుడే బతుకమ్మ అయిపోయింది" అంటుంది. నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం వచ్చిన పోలీసు చర్య జరిగింది 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా. ఆ తర్వాత నిజాం వైపు కొట్లాడిన రజాకార్ల దండు లేదు, కాబట్టి అది 1948 బతుకమ్మ అయితే లెక్క కుదరదు. అయితే ఏం? గుమ్మిలో వడ్లు మెడకు గుచ్చుకోవడం, తుమ్ము ఆపుకోవడం ఆమెకే తెలుసు. తేదీ మీరు పక్కన రాసుకోండి.

ఏది నిజం, ఏది కథ

నోటుబుక్కు పేజీలో మూడు గడులు గీయించండి: చూసింది, తెలిసింది, తేలనిది. ఆర్ఆర్ఆర్ తో ఈ పని చేస్తే పిల్లలకు పండగే. నేను గోడకు రెండు మ్యాపులు అంటించాను. ఒకటి మద్రాసు ప్రెసిడెన్సీ, ఇంకోటి నిజాం రాజ్యం. అల్లూరి కొట్లాడింది తెల్లవాళ్ళ సర్కారుతో, విశాఖ, గోదావరి ఏజెన్సీలో. 1882 అడవి చట్టం వచ్చాక పోడు చేసుకోనివ్వలేదు, రోడ్లకు వెట్టి చేయించారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులు తీసుకోవడంతో తిరుగుబాటు మొదలైంది. భీమ్ కొట్లాడింది నిజాంతో. చనిపోయింది జోడేఘాట్ లో, 1940లో. ఇద్దరి మధ్య పదహారేళ్ళు, ఒక రాజ్యం సరిహద్దు. అల్లూరి ఎన్నడూ పోలీసు ఉద్యోగం చేయలేదు. ఇవన్నీ రెండో గడిలోకి వెళ్తాయి. మొదటి గడిలో డ్యాన్సు.

కానీ అక్కడితో ఆపితే సినిమా అంతా అబద్ధం అనే అతి తెలివి వస్తుంది పిల్లలకు. అది ఇంకా చెడ్డది. కాబట్టి ఇంకో ప్రశ్న: ఎందుకు కలిపారు? ఇద్దరిదీ అడవే, ఇద్దరూ అడవి మీద హక్కు కోసమే చచ్చిపోయారు. కలిపినవాడికి ఆ పోలిక కనిపించింది. అబద్ధం లోపల ఒక నిజమైన ఆలోచన ఉండొచ్చని ఎనిమిదో తరగతి పిల్లకు అర్థమవుతుంది, మనం చెప్పగలిగితే.

మూడో గడి నాకు ఇష్టం. పాత అల్లూరి సినిమాలో సీత పాత్ర ఉంది కదా, ఆ సీత నిజంగా ఉండేదా? దీని మీద పెద్దవాళ్ళే ఒక మాట మీద లేరు. రాయించండి, తేలనిది అని.

ఇంకో మంచి ప్రశ్న, మర్నాడు ఏమైంది? హీరో చచ్చిపోగానే తెర పడుతుంది. అల్లూరి వెంట ఉన్న గాం మల్లుదొర జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చి, మొదటి లోక్‌సభకు ఎంపీగా వెళ్ళాడు. ఈ మాట వినగానే మావాడు, "అది రెండో పార్టు తీయొచ్చు కదా" అన్నాడు. నిజమే, తీయొచ్చు.

ఒక చోట నేను ఆపలేకపోయాను

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. క్లాసులో ఒకసారి రజాకార్లు ఊరి మీద పడే సీను చూపించాను. ఏ సినిమా అన్నది వదిలేయండి. సీను నడుస్తుండగా ముందు బెంచీ పిల్లవాడు వెనక్కి తిరిగి రెండో వరసలో ఉన్న ముస్లిం పాపను చూశాడు. ఇంకో ఇద్దరు చూశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ పాప పుస్తకం తెరిచి అందులో చూస్తూ కూర్చుంది. నేను టీవీ కట్టేసి వేరే పాఠం మొదలుపెట్టాను. ఆ రోజు నేను చేయాల్సింది అది కాదు.

తర్వాత రెండేళ్ళకు అదే సీను ఇంకో క్లాసుకు చూపించాను. అక్కడే ఆపి మూడు సంగతులు చెప్పాను. భైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం కలిసి తొంభై మందికి పైగా చంపారు, ఆ బురుజు ఇప్పటికీ ఉంది. అదే నెలలో హైదరాబాద్ లో రజాకార్లు చంపిన ఇంకో మనిషి ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్, హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసినందుకు. దేవరుప్పుల పక్కన కామారెడ్డిగూడెంలో భూమి కోసం కొట్లాడి విస్నూరు దొర, అంటే అక్కడి దేశ్‌ముఖ్, మనుషుల చేతిలో 1940లో చచ్చిపోయిన రైతు పేరు షేక్ బందగీ. పెద్ద పిల్లలకు ఇంకొకటి కూడా చెప్పాలి. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని సుందర్‌లాల్ కమిటీ లెక్క కట్టింది. వాళ్ళల్లో చాలామంది ముస్లింలే.

సినిమాకు విలన్ కావాలి, విలన్‌కు ఒక వేషం కావాలి. గడ్డం, టోపీ పెట్టేస్తే పని సులువు. విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఆ వేషం లేదు. సీను చూపించే ముందే క్లాసులో, గదిలో ఎవరెవరు కూర్చున్నారో చూసుకోండి. ఈ మూడు సంగతులు దగ్గర లేకపోతే ఆ సీను చూపించకండి.

చూశాక బయటికి

తెర మీద చూసిన ఊరికి తీసుకెళ్ళండి, ఎంత చిన్నదైనా. మాకు కడవెండి బండి మీద గంట లోపే. 1946 జులై 4న సంఘం మనిషి దొడ్డి కొమురయ్య తూటాకు పడిపోయిన ఊరు అది. స్తూపం ఉంది. పిల్లలు అక్కడ ఐదు నిమిషాలు నిలబడి, ఆ తర్వాత కూల్ డ్రింక్ అడిగారు. పర్వాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఒకడు, "సినిమాల ఊరు పెద్దగ కనిపించింది, నిజంగ ఇంత చిన్నదా" అన్నాడు. నాకు అది చాలు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు దారి వేరే. డల్లాస్ లో ఉన్న మా మనవరాలితో వీడియో కాల్ లో చేస్తున్నాం. ఇక్కడ ఆదివారం పొద్దున ఎనిమిదంటే ఎండాకాలంలో అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర. స్క్రీన్ షేర్ పెట్టకండి, పాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. రెండు వైపులా అదే వీడియో తెరిచి, ఒకటి, రెండు, మూడు అని ఒకేసారి నొక్కండి. పాత సినిమాల ప్రింట్లలో సౌండు బొంగురుగా ఉంటుంది కాబట్టి చిన్న స్పీకరు పెట్టుకోండి. యూట్యూబులో సరిగ్గా ఏడుపు సీను మధ్య యాడ్ వస్తుంది. దానికి మందు లేదు. ఆ పిల్లకు వెట్టి, గడీ, దొర, బాంచన్ లాంటి మాటలు తెలియవు. ముందే చెప్పకండి. సినిమాలో విన్నాక అడగనివ్వండి. బాంచన్ అంటే ఏంటని అడిగితే నేను చెప్పలేదు, మా అత్తమ్మను అడగమన్నాను. అత్తమ్మ చెప్పకుండా నేల మీద వంగి, చేతులు చాచి చూపించింది. ఎనభై ఏడేళ్ళ మనిషి అలా వంగుతుంటే నాకు టెన్షన్. ఫోనులో ఆ పిల్ల మాట్లాడలేదు.

మనవడి నోటుబుక్కులో మాభూమి పేజీ ఉంది. మూడో గడిలో, తేలనిది కింద, "జీతగాని పేరు" అని రాసి పక్కన ఖాళీ వదిలాడు. పోయిన వారం అత్తమ్మ దాని గురించి తనంతట తానే ఎత్తింది. కొట్టం వెనకాల వాళ్ళ ఇల్లు ఉండేదట, వాని చెల్లెను పక్క ఊరికి ఇచ్చారట, ఆమె బతికుంటే ఎనభై దాటి ఉంటుంది. ఊరు పేరు చెప్పింది. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళి అడుగుదామంటున్నాడు మావాడు. అత్తమ్మ వస్తానంటోంది. చూరులో గిన్నె సంగతి అక్కడ ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఇంకా ఆలోచిస్తోంది.